మా దుకాణంలో దొరకని బట్ట

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొత్త బట్ట వాసన లేని రోజంటూ లేదు. వరంగల్ చౌరస్తా దగ్గర మాది బట్టల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒకే ఒక్క తలుపు. ఆ తలుపు తీస్తే చాలు, గంజి వాసన, రంగుల వాసన, బేళ్లకు చుట్టిన గోనెపట్టా వాసన కలిసి వచ్చి వంటింట్లో పోపు వాసనను కూడా వెనక్కి నెట్టేవి. గజాలు పోయి మీటర్లు వచ్చిన కొత్త రోజులవి. మా తాత చేతిలో కొత్త మీటరు బద్ద ఉండేది, నోట్లో మాత్రం గజాల లెక్కే నడిచేది.

బొంబాయి నుంచో అహ్మదాబాదు నుంచో రైలుకు కొత్త సరుకు వచ్చిన రోజు నాకు అన్నం నీళ్లు గుర్తుండేవి కావు. బేళ్లకు బిగించిన ఇనప పట్టీలు టప్పుమని తెగేవి. గోనెపట్టా ఊడితే లోపల నీలిరంగు కాగితం, కాగితం తీస్తే థాన్లు. వాయిలు, పాప్లిను, పూల చీటిగుడ్డ, అద్దంలా మెరిసే సాటిను. ఒక్కో థాను మీద బంగారు రంగు చీటీ, దాని మీద తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి. మా తాత థాను కొసను పట్టుకుని ఒక్క విసురు విసిరితే నేల మీద పరిచిన తెల్లని జాజం మీద ఈ చివర నుంచి ఆ చివరకు రంగు పరుచుకునేది. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. "ఇగో, పిల్ల కండ్లతోనే తొడుక్కుంటాంది" అని తాత నవ్వేవాడు. సరుకుతో పాటు అరచేతంత నమూనా ముక్కలు వచ్చేవి. అవన్నీ నావే. వాటితో నా గుడ్డబొమ్మకు లంగాలు, ఓణీలు కుట్టేదాన్ని. ఈ లోకంలో ఉన్న బట్టంతా మా దుకాణంలోనే ఉందని, మా తాత దగ్గర లేనిది ఎవరి దగ్గరా ఉండదని నా గట్టి నమ్మకం.

ఆ ఏడాది దసరా సరుకు రాకముందే మా చిన్నత్త కాన్పుకు పుట్టింటికి వచ్చింది. చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు. అత్తవారిది కేసముద్రం, ధాన్యం వ్యాపారం, కలిగిన ఇల్లు. కానీ ఆమెకు అంతకుముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. ఒకప్పుడు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పిన అత్త, ఇప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. కడుపు మీద చెయ్యి కూడా వేసుకునేది కాదు. వేసుకుంటే ఆశ పుడుతుందని భయమట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత ఆమే చెప్పింది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. కడుపులో ఉన్న బిడ్డకు ముందుగా బట్టలు సిద్ధం చేయరు. పుట్టాక కూడా మొదట కప్పేది కొత్తది కాదు, వాడి వాడి మెత్తబడ్డ పాత బట్ట. అంతకుముందు బిడ్డలు దక్కని ఇల్లయితే మరీ జాగ్రత్త. ఇంటికొక పాత పేలిక అడిగి తెచ్చి, అవన్నీ కలిపి చిన్న బొంత కుట్టి అందులో చుడతారు. అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అందరి బిడ్డ అవుతుందని, దిష్టి తగలదని పెద్దవాళ్ల మాట. నిజమో కాదో నాకు తెలియదు. దవాఖానలో డాక్టరమ్మ వింటే నవ్వేదేమో. మా చిన్నత్త భయం మాత్రం పచ్చి నిజం.

బట్టల వ్యాపారి కాబట్టి మా తాత సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేశాడు. మొదటి ఇద్దరికీ కూడా పుట్టకముందే కొత్త చొక్కాలు, కొత్త బొంతలు కుట్టించి కేసముద్రం పంపినవాడు ఆయనే. అభిమానం అటువంటిది. ఈసారి కూడా దసరా సరుకులో మొదటి బేలు విప్పగానే గులాబీ రంగు సాటిను చించి, దుకాణం అరుగు మీద మిషను పెట్టుకున్న టైలరు చేత బుజ్జి బొంత కుట్టించాడు. చుట్టూ కుచ్చులు, మధ్యలో దూది, చూడటానికి రెండు కండ్లు చాలవు. దాన్ని రెండు చేతుల మీద పరుచుకుని నవ్వుకుంటూ నడిమింటి తలుపు తీసుకుని వచ్చి చిన్నత్త ఒడిలో పెట్టాడు.

అత్త దాన్ని చూసింది. ముట్టుకోలేదు. ఒళ్లో నిప్పు పడ్డట్టు లేచి నిలబడి, "ఎందుకు నాయినా? మల్ల ఎందుకు తెచ్చినవే?" అని ఒక్క మాట అని లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది. ఆ పూట తినలేదు, మర్నాడూ తినలేదు. మా తాత చేతులు అట్లాగే గాలిలో ఉండిపోయాయి.

మా నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. "బట్ట కనవడితె నీకు మనిషి కనవడడు. పిల్ల మొఖం చూసినవా జర?" అని కడిగేసింది. ఇంటింటికీ పోయి పేలికలు అడిగి వస్తానంది. దాంతో తాతకు కోపం నసాళానికి అంటింది. "ఇంటి నిండ థాన్లు పెట్టుకొని బజార్ల పేలికలు అడుక్కుంటరా? నా ఇజ్జత్ ఏం గావాలె? నా ఇంటికెల్లి ఎవ్వలన్న గడప దాటిండ్రంటే చూడు" అని తలుపు దబాలున వేసుకుని దుకాణంలోకి పోయాడు. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఏదో ఎత్తు వేస్తోందని మా ఇంట్లో పిల్లి పిల్లకు కూడా తెలుసు.

మర్నాడు పొద్దున నాయనమ్మ నా గుడ్డబొమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "దీనికి చలి పెడతాంది బిడ్డా. ఒక బొంత కుడుదాం" అంది. నేను ఎగిరి గంతేసి నమూనా ముక్కల డబ్బా తెచ్చాను. ఆమె మూత కూడా తీయనివ్వలేదు. "గివి వద్దు, గరగరమంటయి. పాతయి గావాలె. బజార్లకు పోయి ఇంటికొక్క ముక్క అడుక్కరా. కొత్తది ఇస్తే తీసుకోకు. ఎవ్వలన్న అడిగితే నా బొమ్మకని చెప్పు." నాకు ఒళ్లు మండింది. ఇన్ని థాన్లు పెట్టుకుని నా బొమ్మకు పాత పేలికలా? కానీ నాయనమ్మకు ఎదురు చెప్పే ధైర్యం తాతకే లేదు, నాకెక్కడిది? లంగా ఒడి పట్టుకుని బయలుదేరాను.

మొదట ఎదురింటి అవ్వ దగ్గరికి పోయాను. మనిషి మహా పిసినారి, కరివేపాకు రెబ్బ అడిగినా చెట్టు ఎండిపోయిందనేది. పిల్లాపాపలు, మునిమనవలతో ఇల్లు నిండి ఉండేది. నా బొమ్మకు పాత ముక్క కావాలనగానే ఆమె చేటలో బియ్యం ఏరడం ఆపి నా మొహంలోకి చూసింది. నా వెనక మా ఇంటి వైపు చూసింది. లేచి లోపలికి పోయి సందూక తెరిచి, వెలిసిపోయిన ఆకుపచ్చ చీర ఒకటి తీసింది. పిల్లలందర్నీ ఆ చీర కొంగులోనే పెంచిందట. కొంగులోంచి చెయ్యెడు ముక్క చింపి నా ఒళ్లో వేసి, "నీ బొమ్మ అన్నం తింటాందా?" అని అడిగింది.

"బొమ్మ అన్నమెట్ల తింటది అవ్వా?" అన్నాను.

"తింటది. తినుమని చెప్పు. అవ్వ చెప్పిందని చెప్పు" అని మొహం అటు తిప్పుకుంది. ఇదేం ముసలిదిరా బాబూ అనుకున్నాను.

గాజుల చాచి దుకాణం మూలమలుపులో ఉండేది. నా చేతికి గాజు ఎక్కించేటప్పుడు నొప్పి తెలియకుండా కబుర్లు చెప్పే మనిషి. నా మాట విని కండ్లు మూసుకుని ఏదో మెల్లగా చదువుకుంది. తల మీద కప్పుకునే తన పాత ఓడ్నీ అంచు కత్తిరించి, కండ్లకు అద్దుకుని ఇచ్చింది. "లే బేటీ, తీసుకో. ఫికర్ చేయొద్దని చెప్పు మీ ఇంట్ల" అంది. వెనక గల్లీలో మా బేళ్లు మోసే హమాలీ ఉండేవాడు. ఆయన భార్య ఇల్లంతా వెతికింది. ఒంటి మీద ఉన్నవి తప్ప వాళ్ల ఇంట్లో వేరే బట్ట లేదు. నేను పోతానంటే ఆయన ఆగమని, తలకు చుట్టుకున్న ఎర్ర రుమాలు విప్పి పళ్లతో కొరికి చించాడు. "మీ దుకాణంల బట్టంత దీని మీదికెల్లే వచ్చింది బిడ్డా. మంచిగ కుట్టుమను" అన్నాడు. ఆ ముక్కలో ఆయన తల వేడి ఇంకా ఉంది. ఆ వేడి నా అరచేతికి తగిలినప్పుడు మొట్టమొదటిసారి నాకు అనుమానం వచ్చింది. బొమ్మ కోసం ఇంత పెద్దవాళ్లు ఇట్లా చేస్తారా?

ఆ వారమంతా తిరిగాను. ఎవరూ లేదనలేదు. ఎవరూ నవ్వలేదు. బజారులో ఏ చిన్న మాటయినా చిటికెలో పాకిపోయే మా చౌరస్తాలో ఈ ఒక్క మాట మాత్రం ఎవరి నోటా బయటపడలేదు. అందరికీ తెలుసు. నాకే తెలియదు.

బొంత కుట్టడం నాయనమ్మ నడిమింట్లోనే మొదలుపెట్టింది, చిన్నత్త కూర్చునే గోడకు ఎదురుగా. తన పాత నేతచీర మడతపెట్టి మధ్యలో పొరలుగా వేసింది. దాని మీద తెచ్చిన ముక్కలు పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టూ చుట్టూ టాకాలు వేసుకుంటూ వచ్చింది. కొత్త బట్టలో సూది చప్పుడు చేస్తుంది. ఆ పాత బట్టలో సూది వెన్నలో దిగినట్టు దిగిపోయేది. నేను పక్కన కూర్చుని ఏ ముక్క ఎవరిదో, ఎవరు ఏమన్నారో గలగలా వాగుతుండేదాన్ని. అత్త మొదట వినలేదు. తరువాత విననట్టు వింది. ఎదురింటి అవ్వ బొమ్మను అన్నం తినమందని నేను వెక్కిరిస్తూ చెప్పినప్పుడు అత్త మెల్లగా దగ్గరికి జరిగి, ఆ ఆకుపచ్చ ముక్కను వేలితో తడిమింది. "అవ్వ గట్ల అన్నదా?" అంది. కండ్ల నీళ్లు బొటబొటా రాలాయి. ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మారు అడిగి వేయించుకుంది. నాయనమ్మ వడ్డిస్తూ వడ్డిస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆ బొంత నా బొమ్మది కాదని. కోపం రావాలి కదా? రాలేదు. నేను తెచ్చిన పేలికలకు అత్త చేత అన్నం తినిపించే శక్తి ఉందని తెలిసి మళ్లీ లంగా ఒడి పట్టుకుని బజారుకు పరుగెత్తాను. మర్నాటి నుంచి అత్త కూడా సూది పట్టింది. కడుపు మీద బొంత పరుచుకుని, అదే ఆసరాగా కుట్టుకునేది.

దాదాపు అన్ని ముక్కలూ అతికాయి. నట్టనడుమ ఒక్కచోట అరచేతంత జాగా ఖాళీగా ఉండిపోయింది. నా ఒళ్లో ఇంకా రెండు పేలికలు ఉన్నాయి, ఇదిగో అని ఇచ్చాను. నాయనమ్మ పక్కకు నెట్టింది. "ఇంక ఒక్క ఇల్లు మిగిలింది. దుకాణంల కూసున్నడు గద, పోయి ఆయనను అడుగు" అంది. 

నడిమింటి తలుపు తీసుకుని దుకాణంలోకి పోయాను. ఆ రోజే మరో రెండు బేళ్లు విప్పారు. జాజం మీద కాలు పెట్టే చోటు లేకుండా రంగులు. హసన్‌పర్తి నుంచి పెండ్లి బట్టలకు వచ్చిన రైతు కుటుంబం ఒకటి కూర్చుని ఉంది. తాత గద్దె మీద ఉన్నాడు. నేను పోయి ఆయన ముందు లంగా ఒడి పట్టి నిలబడ్డాను.

"తాతా, నా బొమ్మకు బొంత కుడుతానం. ఒక ముక్క ఇయ్యి."

"గంతేనా? ఏది గావాలె చెప్పు" అని హుషారుగా కత్తెర అందుకుని, మెరిసే నీలం థాను కొస లాగాడు. అప్పటికి ఆ థానుకు బోణీ కూడా కాలేదు. బోణీ కాని థానుకు ఇంటికోసం కత్తెర పెట్టకూడదని ఆయన నియమం. నా మీద ప్రేమతో ఆ నియమం కూడా మరిచిపోయాడు. నేను తల అడ్డంగా ఊపాను. "కొత్తది వద్దు. పాతదే గావాలె. అందరు గదే ఇచ్చిండ్రు."

ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది. ఒక్కసారి దుకాణమంతా చూశాడు. నేలనుంచి పైకప్పు దాకా అలమరల నిండా బట్టే. అంత బట్టలో పాతది అరచేతంత కూడా లేదు. నేను కూడా ఆయనతో పాటు తలెత్తి చూశాను. లోకంలో ఉన్నదంతా మా దుకాణంలో ఉందనుకున్నదాన్ని కదా, ఆ క్షణం అదంతా ఖాళీగా కనిపించింది. మా తాత దగ్గర లేనిది ఒకటుందని, అది ఎర్ర రుమాలు హమాలీ దగ్గర ఉందని అప్పుడు అర్థమైంది.

"ఎవలెవలు ఇచ్చిండ్రే?" అని అడిగాడు తాత, గొంతు తగ్గించి. నేను చెప్పుకుంటూ పోయాను. ఎదురింటి అవ్వ, గాజుల చాచి, హమాలీ, ఇంకా అందరూ. ఒక్కొక్క పేరుకు ఆయన తల కొంచెం కొంచెం వంగింది. రైతు బేరం ఆపి కూర్చున్నాడు, ఆయన భార్య చేతులు జోడించింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే వాళ్లకు అర్థమైంది.

తాత భుజం మీద ఎప్పుడూ ఒక కండువా ఉండేది. వాళ్ల నాయన పోయాక తొలిసారి గద్దె మీద కూర్చున్ననాడు వేసుకున్నదట. ఉతికి ఉతికి పలచనై అవతలి వెలుతురు కనిపించేది. ఇంత బట్ట అమ్ముతూ అదేమిటని ఎవరైనా అంటే ఆయన చిరాకు పడేవాడు. దాన్ని తీసి, ఒకసారి మొహానికి అద్దుకుని, కొత్త బట్ట తప్ప ఏదీ కోయని ఆ కత్తెరతోనే నడుమ కోశాడు. కూర్చున్నచోటి నుంచి ఇవ్వవచ్చు. ఇవ్వలేదు. ఎంతటి ఆసామి వచ్చినా గద్దె దిగని మా తాత గద్దె దిగి, థాన్లు తొక్కకుండా పక్కకు జరుపుకుంటూ నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఆ ముక్కను నా ఒడిలో పెట్టాడు. "పో బిడ్డా, జల్ది పో. మీ అత్తకు ఇయ్యి" అన్నాడు. బొమ్మకని అనలేదు. నడిమింటి తలుపు వారగా తీసి ఉంది. దాని వెనక అత్త నిలబడి అంతా చూసిందని నేను లోపలికి పోయాకగానీ తెలియలేదు.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక తెల్లవారుజామున దవాఖానలో అత్తకు కొడుకు పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు, ఏడ్చి ఏడ్చి అందర్నీ ఏడిపించాడు. నాయనమ్మ ఆ బొంతలో చుట్టి ఇంటికి తెచ్చింది. మేం ఊపిరి బిగబట్టుకుని రోజులు గడిపాం. వాడు మాత్రం ఎవరి భయమూ పట్టనట్టు పాలు తాగాడు, నిద్రపోయాడు, హమాలీ రుమాలు ముక్కను గుప్పిట్లో పట్టుకుని చప్పరించాడు. అడుక్కుని తెచ్చుకున్న బిడ్డకు మా వైపు ఏ పేరు పెడతారో మా వాళ్లకు చెప్పక్కర్లేదు. భిక్ష అన్న మాట కలిసి వచ్చే ఆ పేరే పెట్టాం.

బిడ్డను తొట్టెలలో వేసే రోజు దగ్గర పడ్డప్పుడు తాత టైలరును నడిమింట్లోనే కూర్చోబెట్టాడు. గులాబీ సాటిను బొంత కుట్లు తనే విప్పాడు. కొత్త సరుకులో ఒక్కో థాను నుంచి ఒక్కో ముక్క కోసి, మూతికి సాటిను అంచు వేయించి, లాగుడు తాళ్లతో చిన్న చిన్న సంచులు కుట్టించాడు. ఏ రెండు సంచులూ ఒక్క రంగువి కావు. ఎండుకొబ్బరి కుడుకలు, పుట్నాలు, బెల్లం, ఖర్జూరపండ్లు నేనూ అత్తా నింపాం. పేలిక ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక సంచి. గుమాస్తాతో పంపుతాడేమో అనుకున్నాం. తువాలు భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, తనే గడప గడపకూ వచ్చాడు. హమాలీ ఇంటి చూరు తక్కువ. మా తాత నడుము వంచి లోపలికి పోయి ఆయన చేతుల్లో సంచి పెట్టి, "నీ రుమాలే కప్పుకొని పండుకుంటాండు మా పిలగాడు" అన్నాడు. 

ఆ బిడ్డ ఇప్పుడు తాత అయ్యాడు. మోకాళ్ల నొప్పులని నాకు ఫోనులో మొర పెట్టుకుంటాడు. ఊరుకోరా, ఊరంతా కలిసి బతికించుకున్న మోకాళ్లు అవి అని కసురుతుంటాను. ఆ బొంత కుట్లు ఊడి ఊడి, తిరిగి కుట్టి కుట్టి మా ఇంట్లో ఎందరికో కప్పాం. చివరికి పట్టుకుంటే పొడి రాలే దాకా వాడాం.

మొన్న నా మనవరాలు నీళ్లోసుకుంది. పుట్టబోయే బిడ్డకు ఫోనులోనే రకరకాల కొత్త బొంతలు చూపించింది. బాగున్నాయే అన్నాను, నిజంగానే బాగున్నాయి, కొత్త బట్ట మీద నాకు ఆ మోజు ఇంకా పోలేదు. తరువాత చేతిసంచి పట్టుకుని, హనుమకొండలో మేముండే అపార్టుమెంటులో ఒక్కొక్క తలుపు గంట కొట్టి, బొంతకు పాత ముక్క అడిగాను. పై అంతస్తులో కొత్తగా దిగిన ఒక అమ్మాయి, పాపం, కంగారుపడింది. "మా ఇంట్ల అన్ని కొత్తయే ఉన్నయి పెద్దమ్మా" అంది. ఫికర్ చేయకు బిడ్డా, మా తాత దుకాణంల గూడ లేకుండె అని గడపలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల అలమరలు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు. ఎంతోసేపటికి ఆమె ఒక నేతచీర పట్టుకుని వచ్చింది. ముక్కు ఎర్రబడి ఉంది. "మా అమ్మది" అని, నా ముందే కొంగు కొస కత్తిరించింది. అడగడానికి చెయ్యి చాచినప్పుడల్లా నాకు మా తాత గద్దె దిగి రావడం కనిపిస్తుంది. ఆ అమ్మాయికి ఆయన ఎవరో తెలియదు, ఈ కథా తెలియదు. అయినా ఆమె గడప దగ్గరికి వచ్చి, వంగి, రెండు చేతులతో ఇచ్చింది.